బయటి గోడ వెంట బిగించిన పొగగొట్టంపై ఫిర్యాదు

సాగర్‌నగర్,
విశాఖపట్నం.

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మా కట్టెల పొయ్యికి మీరు బిగించిన పొగగొట్టం కొటేషన్ ప్రకారం లేకపోవడం, పొగ వంటగదిలోకి ఎదురు తన్నడం గురించి.

అయ్యా,

మా ఇంటి కింది పోర్షన్‌లో నేను కర్రీ పాయింట్ నడుపుకుంటున్నాను. రుషికొండ ఐటీ హిల్స్ మీద పనిచేసే పిల్లలు మధ్యాహ్నం మా దగ్గరికి వచ్చేదే కట్టెల పొయ్యి వంట కోసం. అందుకే పొయ్యీ, పొగగొట్టమూ రెండూ మీ దగ్గరే కొన్నాం. పైన అద్దెకున్నవాళ్లున్నారు కాబట్టి శ్లాబుకి కన్నం పెట్టడం కుదరదని, గోడలోంచి బయటికి తీసి గోడ వెంటే డాబా మీదికి తీసుకెళ్దామని మీ ఇంజనీరు గారే చెప్పారు. అందులో తప్పేమీ లేదు, చాలాచోట్ల అలాగే వేస్తారు. అయితే ఇంటి లోపల వెళ్లే గొట్టం కంటే బయట వెళ్లే గొట్టం తొందరగా చల్లబడుతుంది కాబట్టి దానికి ఎక్కువ జాగ్రత్త తీసుకోవాలి. మీవాళ్లు మామూలు జాగ్రత్త కూడా తీసుకోలేదు.

మీ కొటేషన్‌లో ఉన్నది ఇది: 'ఎస్‌ఎస్ 304, డబుల్ వాల్, మధ్యలో ఇన్సులేషన్, 6 అంగుళాలు'. అంటే రెండు పొరల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం, ఆ పొరల మధ్య వేడిని పోనివ్వని పదార్థం. దానికి 68,000 రూపాయలు తీసుకున్నారు. గోడ మీద ఉన్నది మాత్రం ఒంటి పొర జీఐ రేకు గొట్టం, అంటే జింకు పూసిన ఇనుప రేకు. పైన సిల్వర్ పెయింట్ కొట్టడంతో మొదట్లో మాకు తేడా తెలియలేదు. వానలు మొదలయ్యాక జాయింట్ల దగ్గర తుప్పు మరకలు కనబడ్డాయి. అనుమానం వచ్చి ఫ్రిజ్ తలుపుకున్న అయస్కాంతం తీసుకెళ్లి పెడితే టక్కున అతుక్కుంది. 304 స్టీలుకి అయస్కాంతం అలా అంటుకోదని పాత్రల కొట్టువాళ్లని అడిగినా చెబుతారు. నిజానికి సముద్రం ఇంత దగ్గరున్న ఇంటికి 304 కూడా చాలదు. ఉప్పుగాలికి తట్టుకునేది మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకం స్టీలు. అలాంటిది జింకు పూసిన రేకు ఎన్నాళ్లుంటుంది? వేడికి ఆ పూత పోవడానికీ ఎక్కువ కాలం పట్టదు.

ఫోన్ చేస్తే మీ ఆఫీసులో ఒకాయన, "మనదేమైనా కాశ్మీరా మేడమ్, ఇన్సులేషన్ ఎందుకు?" అన్నారు. ఎందుకో రాస్తున్నాను, ఆయనకి కూడా చూపించండి. లోపలి పొగ బయటి గాలి కంటే వేడిగా, తేలిగ్గా ఉంటేనే గొట్టం పొగని పైకి లాగుతుంది. మన ఊళ్లో మే నెలలో బయటి గాలే వేడిగా ఉంటుంది. అంటే ఇక్కడ పొగలో వేడి నిలవడం ఇంకా ముఖ్యం, గొట్టం ఎత్తు కూడా ఇంకా కావాలి. ఇక వాన కురిసినప్పుడు ఒంటి రేకు మీద నీళ్లు పడుతుంటే లోపల పొగ ఎంత వేడిగా ఉంటుందో మీరే ఆలోచించండి. పొగ సుమారు 120 డిగ్రీల కంటే దిగువకి చల్లబడితే అందులోని ఆవిరీ జిడ్డూ గొట్టం గోడలకి పట్టేస్తాయి. దాన్నే క్రియోసోట్ అంటారు. అది పేరుకుని ఒక్కసారి అంటుకుందంటే గొట్టంలో వేడి 1000 డిగ్రీలు దాటగలదు.

ఆ జిడ్డు ఇప్పుడు మా గోడ మీద కారుతోంది. మీరు వస్తే చూపిస్తాను. మొదటి అంతస్తు కిటికీ పక్కనున్న జాయింటు నుంచి నల్లగా, తారులాగా, కొత్తగా వేసిన రంగు మీద జానెడు వెడల్పున చార దిగింది. గుడ్డతో తుడిస్తే పోదు, వాసన అంతకన్నా పోదు. అలా కారడానికి కారణం జాయింట్లు తలకిందులుగా వేయడం. పై గొట్టం చివర కింది గొట్టం లోపలికి దిగాలి, అప్పుడు ఏది కారినా లోపలే కిందికి పోతుంది. మీవాళ్లు కింది గొట్టాన్ని పై గొట్టంలోకి దూర్చారు. పై నుంచి జారిన ప్రతి చుక్కా బయటికే వస్తోంది.

దారి ఎంచుకున్న తీరు ఇంకా ఘోరం. మొదటి అంతస్తు కిటికీ సజ్జ అడ్డం వస్తే, దాన్ని చుట్టి వెళ్లడానికి రెండు 90 డిగ్రీల ఎల్బోలు (వంపు ముక్కలు) వేశారు. గోడ దాటేచోట ఉన్నవి కాక ఇవి. మధ్యలో అడ్డంగా వెళ్లే ముక్కకి పైకి వాలు కూడా ఇవ్వలేదు, మసంతా అందులోనే కూర్చుంటోంది. ఒక్క గజం పక్కకి జరిగితే సజ్జ లేదు, కిటికీ లేదు, నిటారుగా డాబా దాకా ఖాళీ గోడ ఉంది! గొట్టం గోడ బయటికి వచ్చిన చోట టీ (ఇంగ్లీషు T ఆకారపు ముక్క) పెట్టి, కింద మూత బిగించి ఉంటే మసి మేమే తీసుకునేవాళ్లం. అక్కడా ఎల్బోనే పెట్టారు. ఇప్పుడు శుభ్రం చేయాలంటే మొత్తం విప్పాల్సిందే.

మీరు ఎంచుకున్న దారిలోనే వాననీటి పీవీసీ పైపు ఉంది. రేకు గొట్టానికీ దానికీ మధ్య రెండు వేళ్లు పట్టే సందు కూడా లేదు. వేడికి అది మెత్తబడి గోడ నుంచి విల్లులా వంగింది. క్లాంపుల స్క్రూలు కూడా ప్లాస్టిక్ ప్లగ్గుల్లోనే బిగించారు, ఇనుప యాంకర్ బోల్టులు ఒక్కటీ లేవు. డాబా మీద గొట్టాన్ని పట్టి ఉంచే స్టే వైరు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఊళ్లో ఇలా నిలబెట్టి వెళ్లడానికి మీవాళ్లకి మనసెలా ఒప్పిందో!

ఇక అసలు బాధ. గొట్టం పిట్టగోడ దాటగానే ఆపేశారు. మూడడుగుల దూరంలో మా మెట్ల గది ఉంది, అది గొట్టం కంటే ఎత్తు. గొట్టం డాబా కంటే కనీసం 3 అడుగులు, చుట్టూ 10 అడుగుల లోపు ఉన్న దేనికంటేనైనా 2 అడుగులు ఎత్తులో ఉండాలన్నది ఈ పని చేసేవాళ్లకి మొదటి పాఠం. అది పాటించకపోవడంతో మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగగానే అది మెట్ల గదిని దాటి కిందికి సుడి తిరిగి గొట్టంలోకి దూరుతోంది. మాకు వంట జోరుగా సాగేదీ అప్పుడే. పొయ్యి మూతి నుంచి పొగ గదిలోకి తన్నుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే ఇంకా లాక్కొస్తుంది. నా దగ్గర పనిచేసే అమ్మాయికి తల దిమ్ముగా ఉంటోందని, కళ్లు తిరుగుతున్నాయని చెబితే భయం వేసింది. పొగైతే కంటికి కనబడుతుంది, దాంతో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. పైన అద్దెకున్నవాళ్లు కిటికీ తెరవడం మానేశారు. వాళ్లకి నేనేం జవాబు చెప్పాలి?

ఈ విషయం చెబితే మీరు పంపిన కుర్రాడు పొద్దున్నే, గాలి లేని వేళ వచ్చి, కాగితాలు వెలిగించి చూసి, "బాగానే లాగుతోంది కదమ్మా, కట్టెలు పచ్చివేమో" అని వెళ్లిపోయాడు. మా కట్టెలు ఎండు సరుగుడు. అడితి నుంచి తెచ్చాక కూడా రేకుల కింద ఆరబెట్టి వాడుతున్నాం. అతను డాబా ఎక్కనే లేదు.

కాబట్టి నేను అడిగేది ఇది. ఈ గొట్టం మొత్తం తీసేసి, కొటేషన్‌లో రాసిన ఇన్సులేషన్ గొట్టం వేయండి. 316 వేస్తే తేడా డబ్బు ఇవ్వడానికి నేను సిద్ధం. సజ్జ లేని పక్క నుంచి నిటారుగా, కింద టీ, మూతతో, మెట్ల గది కంటే 2 అడుగులు ఎత్తుకి తీసుకెళ్లండి. వంగిన పీవీసీ పైపు మార్చి, గోడకి రంగు వేయించండి. ఇది మీవల్ల కాకపోతే 68,000 వెనక్కిచ్చి మీ సామాను మీరు పట్టుకెళ్లండి.

ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 'ఇది కమర్షియల్, మాకు సంబంధం లేదు' అని మీ ఆఫీసువాళ్లు ఒకసారి అన్నారు. బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునేవాళ్లు కూడా ఆ చట్టం ప్రకారం వినియోగదారులే.

కొటేషన్, బిల్లు నకళ్లు, ఫొటోలు జత చేశాను. మళ్లీ మనిషిని పంపేటట్టయితే మధ్యాహ్నం రెండింటికి, పొయ్యి మండుతుండగా పంపండి. నిచ్చెన తెచ్చుకోమనండి.

ఇట్లు,
మీ కస్టమర్