చెక్క నేలపై కుర్చీ జారకుండా ఉండాలంటే

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాలలో కొత్తగా కడుతున్న అపార్టుమెంట్లలోనూ, పాత ఇళ్లను బాగుచేయించుకుంటున్న వారి పడకగదులలోనూ చెక్క నేలలు, చెక్కలా కనిపించే లామినేట్ నేలలు ఇటీవల ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఆ నేలలపై గీతలు పడకుండా చూసుకోవడం గురించి పత్రికల గృహాలంకరణ శీర్షికలలో తరచుగా రాస్తున్నారు గాని, వాటిపై వేసిన సామాను జారకుండా చూసుకోవడం గురించి రాసినవారు అరుదు. ఈ రెండు అవసరాలూ ఒకటేనని దుకాణదారులూ, కొనేవారూ అనుకోవడం వల్లనే చిక్కంతా వస్తున్నది. గీతలు పడకుండా కాపాడే ఫెల్ట్ ప్యాడ్ (కాలి అడుగున అంటించే ఒత్తిన ఉన్నిలాంటి మెత్తటి బిళ్ల) కుర్చీని మరింత తేలికగా జారనిస్తుంది. దాని పనే అది. సామానును వడ్రంగి చేత చేయించుకున్నవారికీ, సరదాగా ఇంట్లోనే స్వయంగా చేసుకున్నవారికీ ఈ తేడా తెలియడం మరింత అవసరమని భావించి ఈ లేఖ రాస్తున్నాను.

కంపెనీలో తయారైన కుర్చీకి సాధారణంగా కాలి అడుగున ప్లాస్టిక్ బుడిపో, రబ్బరు బుష్షో బిగించి పంపుతారు. మనం చేయించుకున్న కుర్చీకి మాత్రం రంపంతో కోసిన చోటే కాలు ముగుస్తుంది. నాపరాళ్ల మీద, ఎర్రగచ్చు మీద, రాళ్ల సందులలోనో గచ్చు గరుకులోనో ఆ కాలు ఎక్కడో ఒకచోట తట్టుకుని నిలబడేది కనుక మన పెద్దలకు దీని గురించి ఆలోచించే అవసరం రాలేదు. పాలిష్ పెట్టిన చెక్క నేలకు అటువంటి పట్టు లేదు. లామినేట్ పలకపై అరగకుండా ఉండేందుకు రెసిన్‌లో అల్యూమినియం ఆక్సైడ్ కలిపి వేసిన గట్టి పొర ఉంటుంది. అది గీతలను తట్టుకుంటుంది గాని కాలిని పట్టుకోదు.

జారడం వల్ల వచ్చే ప్రమాదం ముఖ్యంగా వృద్ధులకు. మోకాళ్ల నొప్పి ఉన్నవారు కూర్చునేటప్పుడు నెమ్మదిగా వంగలేక, కుర్చీ అంచుపై ఒక్కసారిగా ఒరుగుతారు. ఆ క్షణంలో వారి బరువు ఇంకా పూర్తిగా కుర్చీ మీదికి రాలేదు, కాని వెనక్కి తోసే బలం మాత్రం అప్పటికే వచ్చేసింది. కిందికి నొక్కే బరువు ఎంత ఉంటే అంత ఘర్షణ పుడుతుంది కనుక, బరువు రాకముందే తోపు వస్తే కుర్చీ వెనక్కి వెళ్లిపోతుంది, మనిషి నేల మీద పడతాడు. లేచేటప్పుడు చేతులు ఆనించి తోసినప్పుడూ ఇంతే. తేలికపాటి ప్లైవుడ్ స్టూళ్లు మరీ ప్రమాదకరమని అనడానికి కారణం కూడా ఇదే. నాలుగు కాళ్లనూ కలుపుతూ కింద అడ్డపట్టీలు వేసి, వాటిపై ఒక పలక బిగించి, నాలుగు బరువైన పుస్తకాలు పెట్టుకుంటే స్టూలు కొంత కుదురుకుంటుంది.

కాళ్లు లావుగా ఉంటే జారదని మన వడ్రంగులలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. గట్టి వస్తువులు రెండు ఒకదానిపై ఒకటి ఆనినప్పుడు ఘర్షణ, బరువును బట్టి ఉంటుందే తప్ప ఆనిన వైశాల్యాన్ని బట్టి ఉండదని గియోమ్ అమోంతోన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1699లోనే చెప్పాడు. కాబట్టి రెండంగుళాల కాలిని మూడంగుళాలు చేసినంత మాత్రాన ఒరిగేది లేదు, కలప ఖర్చు తప్ప. రబ్బరు మాత్రం ఈ సూత్రానికి లొంగదు. మెత్తగా ఉండి నేల మీది సూక్ష్మమైన గరుకులోకి ఒదుగుతుంది కనుక, దానికి ఆనిన వైశాల్యం కూడా లెక్కే. అందువల్ల కాలి అడుగున రబ్బరు ముక్క పెట్టేటప్పుడు కాలి అంచు దాకా నిండుగా కోసి పెట్టాలి. నడుమ రూపాయి బిళ్లంత ముక్క అంటించి ఊరుకుంటే సగం ప్రయోజనమే.

అసలు రబ్బరు దాకా వెళ్లే ముందు చూడవలసినది కాళ్లు నాలుగూ నేలకు ఆనుతున్నాయా లేదా అన్నది. ముక్కాలిపీట ఎంత ఎగుడుదిగుడు నేలమీదైనా ఊగదు. నాలుగుకాళ్ల పీటకు ఆ సుఖం లేదు. ఒక కాలు వెంట్రుకవాసి పొట్టిదైనా కుర్చీ ఊగుతుంది, ఊగిన ప్రతిసారీ కొద్దిగా పక్కకు జరుగుతుంది, మనం దానిని జారుడు అనుకుంటాము. ఇందుకు వడ్రంగులు చేసే పని చాలా సులువైనది. మట్టంగా ఉన్న బల్లమీద కుర్చీని నిలిపి, పొట్టి కాలి కింద పలుచటి చెక్క చీలికను దోపి, ఊగకుండా చేయాలి. తరువాత పాతిక మిల్లీమీటర్ల మందం గల ఒక చెక్కముక్కపై పెన్సిలును పడుకోబెట్టి పట్టుకుని, ఆ ముక్కను బల్లమీద జరుపుతూ నాలుగు కాళ్లకూ చుట్టూ గీత గీయాలి. ముక్క మందం ఎక్కడా మారదు గనుక, కాళ్లు వాలుగా ఉన్నా, పొట్టివైనా, గీతలన్నీ ఒకే మట్టంలో పడతాయి. ఆ గీతల మీదుగా సన్నపళ్ల రంపంతో కోసి, అంచులను ఆకురాయితో రెండు మిల్లీమీటర్ల మేర వాలుగా రుద్దితే చాలు. అంచు అలా రుద్దకపోతే కుర్చీని లాగినప్పుడు నార చీలి, చీలిన ముక్క నేలను గీస్తుంది. వెనక్కి వాలిన కాళ్ల విషయంలో ఈ గీత మరీ అవసరం. ఆ గీత లేకుండా కాలి పొడవుకు సరిగ్గా అడ్డంగా కోస్తే, ఆ కాలు తన అంచు ఒక్కదాని మీదే నిలబడుతుంది; ఎంత మంచి రబ్బరు వేసినా ఆ అంచు దగ్గరే నలిగి ఊడిపోతుంది.

పచ్చి కలపతో చేయించినవారు ఈ పని రెండోసారి కూడా చేసుకోవలసి వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి, పనస చెట్లను నేలకూల్చినప్పుడు పడిపోయిన పనస దుంగలను కోయించి మంచాలు, బల్లలు చేయించుకున్నవారు మన జిల్లాలో ఉన్నారు. పనస మంచి కలపే. బొబ్బిలి వీణకు ఎంచుకునేదీ అదే. కాని ఆరని చెక్క ఆరుతున్న కొద్దీ కుదించుకుని మెలితిరుగుతుంది, మొదట మట్టంగా ఉన్న చట్రం తరువాత ఒక మూల లేస్తుంది. ఒక వానాకాలం, ఒక వేసవి గడిచాక కాళ్లు మరోసారి చూసుకుని, అవసరమైతే గీత గీసి కోసుకోవడం మంచిది.

ఇక కాలి కింద ఏమి వేయాలన్న ప్రశ్న. సైకిలు ట్యూబు ముక్కను కాలికి తొడగడం మన ఇళ్లలో అందరికీ తెలిసిన చిట్కా. పట్టు ఇస్తుంది, నిజమే. అయితే ఆ నల్ల రబ్బరులో కార్బన్ పొడి ఉంటుంది కనుక లేతరంగు చెక్కపై లాగినప్పుడల్లా నల్లచారలు పడతాయి. చారలు తుడిస్తే పోతాయి. రబ్బరులో కలిపిన రసాయనాలు నెమ్మదిగా నేలలోకి దిగి వేసే పసుపు మచ్చ మాత్రం పోదు. వినైల్ నేలల మీద, కొన్ని రకాల వార్నిష్‌ల మీద ఇది మరింత ఎక్కువ. అందువల్ల చెక్క నేలకు కార్కు ముక్కలో, రంగులేని సిలికోన్ లేదా పాలీయురేథేన్ ప్యాడ్లో శ్రేష్ఠం. మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. స్పాంజిలా నొక్కుకుపోయేది వద్దు. మనిషి కూర్చోగానే అణగిపోయి, చెక్క మళ్లీ నేలకు తగులుతుంది. జూటు మిల్లులున్న జిల్లా కనుక మంచపుకోళ్లకు గోనెగుడ్డ చుట్టే అలవాటు కూడా మనకు ఉంది. గోనె ఫెల్ట్ చేసే పనే చేస్తుంది, పైగా దాని పోగులలో ఇసుక చిక్కుకుని నేలను ఉప్పుకాగితంలా రుద్దుతుంది.

అంటించే తీరు దగ్గరే ఎక్కువమంది ప్రయత్నం చెడిపోతున్నది. వెనుక జిగురు పూసి అమ్మే బిళ్లలు పక్కకు లాగే బలానికి నిలవవు, మన తీరప్రాంతపు ఉక్కకు మరీ నిలవవు. తెల్ల ఫెవికాల్ చెక్కకూ చెక్కకూ గాని రబ్బరుకు పనికిరాదు. రబ్బరును అంటించడానికి పసుపురంగు కాంటాక్ట్ జిగురు తెచ్చి, కాలికీ ముక్కకూ రెండింటికీ పలుచగా పూసి, వేలితో తాకితే అంటుకోనంతగా ఆరనిచ్చి, అప్పుడు గట్టిగా నొక్కాలి. తడిగా ఉండగానే అతికిస్తే ఎన్నాళ్లకూ కుదరదు. టేకు కాళ్లైతే మరొక జాగ్రత్త. టేకులో సహజంగా నూనె ఉంటుంది. ముందుగా ఉప్పుకాగితంతో రుద్ది, థిన్నరు తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరిన వెంటనే జిగురు పూయాలి. బరువైన బల్లలకు జిగురుతో పాటు ఒక స్క్రూ కూడా వేయడం మంచిదే గాని, దాని తల రబ్బరు మందంలో సగం లోతుకైనా దిగాలి. లేకపోతే రబ్బరు అరిగిన రోజున ఆ తల నేలను మేకులా గీసేస్తుంది.

అన్ని సామాన్లకూ ఇలా పట్టు ఇచ్చే ముక్కలే వేయాలని నేను అనను. భోజనాల బల్ల చుట్టూ ఉండే కుర్చీలను రోజుకు అనేకసార్లు లాగుతాము, వాటికి ఫెల్టే సరైనది. వృద్ధులు కూర్చునే కుర్చీ, పిల్లలు ఎక్కే స్టూలు, కుట్టుమిషను బల్ల, మంచం మాత్రం పట్టుకుని నిలవాలి. వెనుక కాళ్లకు రబ్బరు, ముందు కాళ్లకు ఫెల్ట్ వేసి రెండు లాభాలూ పొందవచ్చని కొందరు సలహా ఇస్తారు. కుర్చీని వెనక్కి వంచి లాగే అలవాటు మనలో చాలామందికి ఉంది కనుక, అప్పుడు బరువంతా రబ్బరు మీదే పడి కాలు కొట్టుకుంటూ వస్తుంది. నాకు ఆ పద్ధతి నచ్చలేదు. కుర్చీ కింద జంఖానా పరిచేవారు నాలుగు కాళ్లూ దానిపైనే ఉండేలా చూసుకోవాలి, జంఖానా కింద కూడా జారని పొర ఒకటి ఉండాలి, లేకపోతే కుర్చీతో పాటు జంఖానా కూడా కదులుతుంది.

మంచానికి ఇంకా సులువైన మార్గం గోడ. గోడ అడుగున ఉండే స్కర్టింగ్ కొద్దిగా ముందుకు పొడుచుకుని ఉంటుంది కనుక మంచపుకోళ్లు దానికి తగిలి ఆగుతాయి, తలవైపు పలకకూ గోడకూ మధ్య ఖాళీ మిగులుతుంది, మంచం ఊగుతూనే ఉంటుంది. ఆ ఖాళీకి సరిపడే మందంగల చెక్కపట్టీని పలక వెనుక బిగించి, దానిపై కార్కు అంటిస్తే మంచం ఇక వెనక్కి పోలేదు. ఎత్తైన పుస్తకాల అలమరను, బీరువాను గోడకు ఎల్ క్లాంపులతో బిగించాలి. నేలకు మాత్రం ఎన్నడూ బిగించరాదు. లామినేట్ నేల కిందికి మేకులు కొట్టకుండా తేలుతూ ఉండేలా వేస్తారు. తేమకు ఉబ్బి, ఎండకు కుదించుకునేందుకు గోడల చుట్టూ ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల సందు వదులుతారు. దానిని ఒకచోట స్క్రూతో కట్టేస్తే వానాకాలంలో మరొకచోట పలకలు లేస్తాయి.

ఇంత చేసినా నేల తుడిచే తీరు మారకపోతే ఫలితం ఉండదు. తుడిచే నీళ్లలో చీమల కోసమని కిరోసిను చుక్కలు వేయడం, మెరుపు కోసమని నూనె పాలిష్‌లు రాయడం వల్ల నేలపై పలుచటి జిడ్డు పొర మిగిలిపోతుంది, దానిపై రబ్బరు కూడా జారుతుంది. దుమ్ము కూడా అంతే చేటు చేస్తుంది. కొత్తలో బాగా పట్టుకున్న ప్యాడ్ కొంతకాలానికి జారుతున్నదంటే అది చెడిపోయిందని పారేయనక్కరలేదు. కుర్చీని బోర్లించి, అడుగులను తడిగుడ్డతో తుడిస్తే పట్టు తిరిగి వస్తుంది. చెక్క నేలను మాత్రం నీళ్లు బాగా పిండేసిన గుడ్డతోనే తుడవాలి.

ఏ ముక్క ఎంత పట్టు ఇస్తుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. నేల వేయగా మిగిలిన పలక ఒకటి తీసుకుని, దానిపై ప్యాడ్ అంటించిన చెక్కముక్కను పెట్టి, పలక ఒక చివరను మెల్లగా పైకి ఎత్తాలి. ముక్క జారడం మొదలైన చోట ఆగి, ఎత్తిన చివర ఎంత ఎత్తున ఉందో, దాని నిలువు కింది నుంచి రెండో చివర దాకా నేలమీద ఎంత దూరమో కొలిచి, ఎత్తును దూరంతో భాగిస్తే వచ్చేదే ఘర్షణ గుణకం, అంటే పట్టుకు కొలత. పన్నెండు అంగుళాల దూరానికి మూడంగుళాల ఎత్తులోనే జారితే 0.25, అది వృద్ధుల కుర్చీకి పనికిరాదు. ఏడెనిమిది అంగుళాల దాకా నిలిచిన ముక్కను నిశ్చింతగా వాడవచ్చు.

నేల వేయించే దుకాణాలవారు ఈ మాటలు చెప్పడం లేదు. మా పట్టణంలోని ఒక దుకాణంలో జారకుండా ఉండేందుకు ఏమైనా ఇమ్మని అడిగితే ఫెల్ట్ ప్యాడ్ల పొట్లమే చేతిలో పెట్టారు. అమ్మేవారు ఫెల్ట్‌నూ రబ్బరునూ వేర్వేరుగా, ఏది దేనికో రాసి పెట్టడం పెద్ద శ్రమేమీ కాదు. వడ్రంగి మేస్త్రీలు కూడా కొలతలు తీసుకునే రోజునే ఆ సామాను ఏ నేలపై ఉండబోతుందో అడిగి, ప్యాడ్ మందం మేరకు కాళ్లను తగ్గించి కోస్తే, తరువాత కుర్చీ ఎత్తు పెరిగిందన్న ఫిర్యాదు ఉండదు. మీ పత్రిక గృహాలంకరణ పుటలో చెక్క నేలల గురించి మళ్లీ రాసినప్పుడు, పట్టణంలోని అనుభవజ్ఞులైన వడ్రంగుల చేత ఈ విషయమై నాలుగు మాటలు చెప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
భవదీయుడు,
ఒక పాఠకుడు,
విజయనగరం.