పిల్లల పుస్తకాలకు తాళాలెందుకు?
శాఖా గ్రంథాలయాల్లో పిల్లల కథల పుస్తకాలను బీరువాల్లో పెట్టి తాళం వేయడం వల్ల చదవాలన్న ఉత్సాహమున్న పిల్లలూ వట్టి చేతులతో తిరిగి వెళ్తున్నారు. ఆరో తరగతి చదివే మా మనవరాలు ఇంట్లో దొరికిన పాత ‘చందమామ’ బైండు పట్టుకుని, మాంత్రికుల గుహలూ రాక్షసుడి ప్రాణమున్న చిలకా వదిలి అన్నానికి కూడా లేవలేదు. అది పూర్తికాగానే గలివర్ సాహసాలు కావాలంది. మా పట్టణ గ్రంథాలయంలో అడిగితే పుస్తకం రిజిస్టర్‌లో ఉంది, తాళంచెవి మాత్రం సెలవులో ఉన్న ఉద్యోగి దగ్గరుందట! హాలంతా పోటీ పరీక్షల అభ్యర్థులే; వారిని తప్పుపట్టలేం గానీ, పిల్లలకంటూ ఒక్క బల్లయినా లేదు. పుస్తకం పోతే తామే జవాబు చెప్పుకోవాలన్న భయం సిబ్బందిది. అందుకే ఏటా కొన్ని బాలల పుస్తకాలు చిరిగినా పోయినా లెక్కలోంచి తీసేసే అధికారం గ్రంథాలయాధికారికి ఇవ్వాలి. పుస్తకాలు పిల్లల చేతికందే ఎత్తులో, తెరిచిన అరల్లో ఉంచి, బడి గుర్తింపు కార్డు చూపితే డిపాజిట్ లేకుండా ఇంటికివ్వాలి. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనం కట్టే గ్రంథాలయ సెస్సును స్థానిక సంస్థలు బకాయి పెట్టకుండా జమచేసి, అందులో కొంత బాలసాహిత్యం కొనుగోలుకే కేటాయించాలి.