తల్లులైన ప్రత్యేక విద్యార్థినులకు పర్యావరణ పాఠం: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారములు. కోనసీమ లంక గ్రామాల్లో ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయురాలిని. మేధో వైకల్యమో వినికిడి లోపమో ఉండి, పద్దెనిమిదేళ్లు నిండకుండానే తల్లులైన బాలికల గురించి ఈ లేఖ రాస్తున్నాను. వారి బిడ్డను అంగన్‌వాడీ చూస్తుంది, కేసును పోలీసులు చూస్తారు, చదువును మాత్రం ఎవరూ పట్టించుకోరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నలభై శాతానికి తగ్గని వైకల్యం గల పిల్లలకు 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది. తల్లయితే ఆ హక్కు పోతుందని అందులో ఎక్కడా లేదు.

పర్యావరణ విద్య తప్పనిసరి అని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. అయితే ఈ బాలికలకు ఓజోన్ పొరతో పాఠం మొదలుపెడితే ప్రయోజనం లేదు. వరదకు గోదావరి ఎర్రనీరు రాగానే లంకల్లో బిందెలో పటిక తిప్పుతారు. మడ్డి అడుగుకు దిగి, పైన తేటనీరు నిలుస్తుంది. తేరిన నీళ్లలోనూ క్రిములు ఉండవచ్చన్న సంగతి మాటల్లో చెబితే మేధో వైకల్యం ఉన్న పిల్లకు అందదు. తేరిన నీళ్లు ఒక గ్లాసులో, తెర్లగాచి చల్లార్చినవి మరో గ్లాసులో పోసి, రెంటి పక్కన బొమ్మల కార్డులు పెట్టి, రోజూ ఆమె చేతే ఎంపిక చేయిస్తే నిలుస్తుంది. రొయ్యల చెరువు పక్క బోరునీటిని స్టీలు పళ్లెంలో ఎండబెడితే మిగిలే తెల్లటి పొర చూపించి ఉప్పదనం పాఠం చెప్పవచ్చు, వినికిడి లేని పిల్లకైతే ఇంతకు మించిన పుస్తకం లేదు. పొయ్యి పొగ, పురుగుమందు డబ్బాలు, వరద తగ్గాక గుంతల్లో చేరే దోమలు కూడా ఇలాగే పాఠాలవుతాయి. ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలే చాలు, కాచిన నీళ్లు కూడా పట్టకూడదన్నది ఇందులోనే చెప్పాలి. నీటి పాఠం విన్న తల్లి ఉత్సాహంగా బిడ్డకు నీళ్లు పట్టే ప్రమాదం ఉంది.

కనుక ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో ఒక ఊయల, పాలివ్వడానికి చాటు, బిడ్డ నిద్రను బట్టి మార్చుకోగల వేళలు ఏర్పాటు చేయించాలని, రాలేని వారి ఇంటికే ఉపాధ్యాయులను పంపాలని కోరుతున్నాను. సార్వత్రిక పాఠశాల (ఓపెన్ స్కూల్) పరీక్షలో వ్రాతకు బదులు చేసి చూపించడానికి మార్కులు ఇవ్వాలి. మైనరు తల్లి విషయం పోలీసులకు తెలియజేయడం, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం మా విధి, దాన్ని తప్పించమని అడగడం లేదు. ఆ భయంతో పిల్లను హాజరు పట్టీలోంచి తీసేసే అలవాటును మాత్రం ఉత్తర్వు ద్వారా ఆపించండి. వచ్చే ఎర్రనీటి కాలానికి ముందే ఈ ఉత్తర్వు వెలువడితే మేలు.

ఇట్లు,
కోనసీమకు చెందిన ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు