జో లూయిస్ మళ్లీ బరిలోకి ఎందుకు దిగారు?

సంపాదకులకు నమస్కారం.

ప్రొఫెషనల్ బాక్సర్ల చివరి రోజుల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో హెవీవెయిట్ చాంపియన్ జో లూయిస్ ప్రస్తావన రెండు వాక్యాలతో సరిపెట్టి, సంపాదించినదంతా దుబారా చేసుకుని, డబ్బు ఆశతో ముదిరిన వయసులో మళ్లీ బరిలోకి దిగి పరువు పోగొట్టుకున్న మనిషిగా ఆయనను చూపించారు. ఓడిపోయిన మాట నిజమే. దుబారా మాటా కొంతవరకు నిజమే. అయితే ఆయన జమాఖర్చులు తిరగేసిన వారెవరూ కథను అంత తేలికగా ముగించలేరు.

1914లో అమెరికాలోని అలబామాలో నల్లజాతి కౌలురైతు కుటుంబంలో పుట్టి డెట్రాయిట్‌లో పెరిగిన లూయిస్‌కు, 1934 జూలై 4న షికాగోలో జరిగిన తొలి ప్రొఫెషనల్ పోటీలో ముట్టింది 59 డాలర్లు. మూడేళ్లు తిరక్కుండానే, 1937 జూన్ 22న, జేమ్స్ బ్రాడక్‌ను ఎనిమిదో రౌండులో పడగొట్టి ఆయన ప్రపంచ చాంపియన్ అయ్యారు. ఆ పోటీకి ఒప్పుకున్నందుకు బ్రాడక్ పక్షం, లూయిస్ పోటీలపై ప్రమోటర్ మైక్ జేకబ్స్‌కు వచ్చే లాభంలో పదేళ్లపాటు పది శాతం రాయించుకుంది. లూయిస్ సంపాదనలో సగం ఎటూ మేనేజర్లదే. దెబ్బలు తినేది ఒకరైతే పంచుకునేది పదిమంది అన్నది ఆ వృత్తిలో మొదటి రోజు నుంచే ఉన్న ఏర్పాటు.

చేతికొచ్చిన డబ్బును లూయిస్ నిలుపుకోలేదని ఒప్పుకోవాలి. గోల్ఫ్ పందేలు, కలిసిరాని వ్యాపారాలు, అడిగినవారికల్లా ఇచ్చే ఉదారత ఆయనను గుల్ల చేశాయి. కానీ కష్టకాలంలో తన కుటుంబం పొందిన ప్రభుత్వ సాయాన్ని లెక్కగట్టి తిరిగి చెల్లించిన మనిషి కూడా ఆయనే. ఈ రెండో సంగతి వ్యాసంలో లేదు.

అసలు చిక్కు 1942లో మొదలైంది. ఆ ఏడాది జనవరి 9న బడ్డీ బేర్‌తో తలపడి వచ్చిన సొమ్మును నౌకాదళ సహాయ నిధికి, మార్చి 27న ఏబ్ సైమన్‌తో తలపడి వచ్చిన సొమ్మును సైనిక సహాయ నిధికి ఇచ్చేశారు. నల్లజాతివారిని వంటశాల, భోజనశాల పనులకు తప్ప చేర్చుకోని నౌకాదళానికి, టైటిల్‌నే పణంగా పెట్టి విరాళమివ్వడం ఏమిటని అప్పట్లోనే కొందరు ఆయనను నిలదీశారు. బేర్‌తో పోటీ ముగిశాక ఆ జనవరిలోనే సాధారణ సైనికుడిగా చేరి, నెలకు 21 డాలర్ల జీతంపై, సైనికుల ముందు ప్రదర్శన పోటీలు ఆడుతూ గడిపారు. ఒక బాక్సర్ జీవితంలో ఇరవై ఎనిమిది నుంచి ముప్పై రెండేళ్ల మధ్య కాలం ఎంత విలువైనదో ఆ ఆట తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. సరిగ్గా ఆ కాలంలోనే, 1946 జూన్‌లో బిల్లీ కాన్‌తో రెండోసారి తలపడేవరకు, ఆయన ఒక్క టైటిల్ పోటీ కూడా ఆడలేదు. ఆలోపు అప్పులు పెరిగాయి.

ఇంతటితో ఆగినా బాగుండేది. తాను ముట్టుకోని ఆ విరాళాల సొమ్మును కూడా పన్నుల శాఖ ఆయన ఆదాయంగానే లెక్కగట్టింది. వరుసగా 25 సార్లు టైటిల్ నిలబెట్టుకుని 1949 మార్చిలో చాంపియన్‌గానే తప్పుకున్న మనిషికి, మరుసటి ఏడాదికల్లా వడ్డీలు, జరిమానాలతో కలిపి 5 లక్షల డాలర్లకు పైగా బాకీ తేలింది. అధిక ఆదాయంపై పన్ను 90 శాతం దాకా ఉన్న రోజులవి. అంటే పాత బాకీ తీర్చడానికి ఒక పోటీ ఆడితే, ఆ పోటీ సంపాదన మీదే కొత్త బాకీ పుట్టేది. కుండకు చిల్లు పెట్టి నీళ్లు నింపమన్నట్టుగా ఉంది ఆ ఏర్పాటు. 1953లో చనిపోయిన తల్లి ఆయనకు వదిలివెళ్లిన కొద్దిపాటి సొమ్మును సైతం పన్ను కిందే జమ చేసుకున్నారు.

ఈ బాకీల మధ్యే మళ్లీ బరిలోకి దిగి, 1950 సెప్టెంబరులో అప్పటి చాంపియన్ ఎజర్డ్ చార్ల్స్ చేతిలో పదిహేను రౌండ్లు ఆడి ఓడిన లూయిస్, ఆ తర్వాత వరుసగా ఎనిమిది పోటీలు గెలిచిన సంగతిని కూడా వ్యాసకర్త పక్కనపెట్టారు. 1951 అక్టోబరు 26న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రాకీ మార్సియానో ఆయనను ఎనిమిదో రౌండులో పడగొట్టేనాటికి ఆయనకు 37 ఏళ్లు. పేరు మోసిన కుడిచేతి దెబ్బలో పదును పోయింది, ఎడమచేతి జ్యాబ్ (చేయి చాచి సూటిగా విసిరే చురుకైన దెబ్బ) ఒక్కటే మిగిలింది. అప్పటికీ బాకీ తీరక, తర్వాత కుస్తీ గోదాలోకి దిగారు. దాన్ని వ్యామోహమనడానికి నాకు నోరు రాదు.

1960ల తొలినాళ్లలో గానీ, ఆయన అప్పుడు సంపాదిస్తున్నదానికి తగ్గట్టు మాత్రమే వసూలు చేసేందుకు అధికారులు సమ్మతించలేదు. చివరికి లాస్ వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్‌లో అతిథులను పలకరించే కొలువులో ఆయన స్థిరపడ్డారు. 1981 ఏప్రిల్ 12న మరణించినప్పుడు, నిబంధనలు అనుమతించకపోయినా అధ్యక్షుడు రేగన్ ప్రత్యేక మినహాయింపుతో ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఖననం చేశారు. 1936లో లూయిస్‌ను ఓడించి, 1938లో ఆయన చేతిలో 124 సెకన్లలో ఓడిన జర్మన్ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్ అంత్యక్రియల ఖర్చులో కొంత భరించారు.

వచ్చే సంచికలో ఈ వివరాలకు చోటిచ్చి, కనీసం "డబ్బు ఆశతో" అన్న మాటనైనా సవరించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు