ఇస్రో ఛైర్మన్ గారికి విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మా నాన్న బోటు డ్రైవరు. స్టీరింగ్ పక్కనుండే జీపీఎస్ పెట్టెకు ఉప్పుగాలి తగలకుండా పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తాడు. చేప పడ్డ చోటు, వల చిరిగిన రాళ్లు అన్నీ అందులోనే. ఆ జీపీఎస్ అమెరికా వాళ్లది.

జీపీఎస్ లాగే దారి చూపే మన సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్. దాని మొదటి ఉపగ్రహం 2013 జులైలో శ్రీహరికోట నుంచి లేచింది. ఏడు ఉపగ్రహాలతో దేశం, చుట్టూ 1,500 కిలోమీటర్లు అందుతాయన్నారు. నాన్న వేటకెళ్లే సముద్రమంతా అందులోకే వస్తుంది. దెబ్బ కొట్టింది ఆ ఉపగ్రహాల్లోని గడియారాలు. విదేశాల్లో కొన్న రుబీడియం అణు గడియారాలు చాలా ఆగిపోయాయి. సిగ్నల్ రావడానికి పట్టిన సమయాన్ని బట్టే దూరం లెక్కకడతారు. సెకనులో వందకోట్లో వంతు తేడా వస్తేనే దూరం 30 సెంటీమీటర్లు తప్పుతుంది మరి! 2023లో ఎన్‌వీఎస్-01 అనే కొత్త నావిక్ ఉపగ్రహంతో మన సొంత గడియారం, మామూలు ఫోన్లకు పనికొచ్చే ఎల్1 సిగ్నల్ వచ్చాయని సంబరపడ్డాం. 2025 జనవరిలో పంపిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేదు.

తప్పుపట్టడానికి రాయడం లేదు. వల చిరిగితే కుట్టుకోవడం మాకూ అలవాటే. ఎన్ని పనిచేస్తున్నాయో, మిగతావి ఎప్పుడు పంపుతారో జెట్టీ దగ్గర తెలుగులో ఒక బోర్డు పెట్టించండి. నాన్న కొత్త పెట్టె కొనాలి. మనది కొనొచ్చా అని రోజూ నన్నే అడుగుతున్నాడు.

ఇట్లు,
ఒక బోటు డ్రైవరు కూతురు