లూసిల్ బాల్ నిలుపుకున్న ఫిలిం, మనం చెరిపేసిన టేపులు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అమెరికన్ నటి లూసిల్ బాల్ మీద వచ్చిన వ్యాసం చూసి మొదట ఎంతో సంతోషించాను. చార్లీ చాప్లిన్ పేరు వినని తెలుగువారు అరుదు గాని, టెలివిజన్ హాస్యానికి పునాది వేసినవారిలో ఒకరైన ఈమె గురించి మన భాషలో రాసినవారు తక్కువ. అయితే ఆ వ్యాసంలో సగానికి పైగా ఆమె ఎర్రజుట్టుకూ, డెజీ ఆర్నాజ్‌తో ప్రేమ పెళ్లికీ, 1960 నాటి విడాకులకూ సరిపోయింది. నిర్మాతగా ఆమె తీసుకున్న నిర్ణయాలకు చివర్లో ఒక్క పేరా దక్కింది. హైదరాబాద్‌లో టీవీ కార్యక్రమాల ఎడిటింగే వృత్తిగా బతికినదాన్ని కనుక, ఆ ఒక్క పేరాలోని సంగతే అసలు వ్యాసం కావలసిందని మనవి చేయడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

లూసిల్ బాల్ 1911 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో పుట్టారు. మూడేళ్ల వయసులోనే తండ్రి టైఫాయిడ్‌తో పోయారు. పదిహేనేళ్ల ప్రాయంలో న్యూయార్క్ నగరంలో నాటక పాఠశాలలో చేరితే, నటన ఈమె వల్ల కాదని అక్కడివారు తేల్చేశారు. కొన్నాళ్లు ఫ్యాషన్ మోడల్‌గా పనిచేసి, 1933లో హాలీవుడ్ చేరి, గుంపులో నిలబడే నృత్యతారగా మొదలుపెట్టారు. తర్వాత ఆర్‌కెఓ అనే చిత్ర నిర్మాణ సంస్థలో, అటుపైన అటువంటిదే అయిన ఎంజిఎంలో నెలజీతపు నటిగా చిన్న వేషాలు, తక్కువ ఖర్చుతో తీసే సినిమాల్లో పెద్ద వేషాలు చేస్తూ దాదాపు ఇరవై ఏళ్లు గడిపారు. ఎంజిఎంలో ఉండగా మూకీల నాటి మహానటుడు బస్టర్ కీటన్ ఆమెలోని హాస్యనటిని గుర్తించి, చేతిలోని వస్తువుతో నవ్వు పుట్టించే విద్యలో మెళకువలు నేర్పారు. తర్వాతి కాలంలో ఆమె ఏ వస్తువును చేతిలోకి తీసుకున్నా, ముందుగా దాన్ని పదేపదే వాడి చూసి, బరువూ పట్టూ తెలుసుకున్నాకే కెమెరా ముందుకు వెళ్లడం ఆ శిక్షణ ఫలితమే. అప్పటికప్పుడు పుట్టిన అల్లరిలా మనకు కనిపించే దాని వెనుక అంత రిహార్సల్ ఉంది.

1948 నుంచి అమెరికన్ ప్రసార సంస్థ సీబీఎస్ రేడియోలో ఆమె నటించిన హాస్య ధారావాహిక బాగా నడిచింది. దాన్ని టెలివిజన్‌కు తెద్దామని సంస్థ అడిగినప్పుడు, తన భర్త పాత్రను తన అసలు భర్తే వేయాలని ఆమె పట్టుబట్టారు. డెజీ ఆర్నాజ్ క్యూబా నుంచి వచ్చిన సంగీతకారుడు, మాటలో యాస ఉన్నవాడు. అటువంటి మనిషిని అమెరికన్ గృహిణికి భర్తగా ప్రేక్షకులు ఒప్పుకోరని సంస్థ పెద్దలు సందేహించారు. వారితో వాదించడం మాని, దంపతులిద్దరూ 1950లో ఊరూరా రంగస్థల ప్రదర్శనలిచ్చి, జనం ఒప్పుకుంటారని చూపించారు. ఆ ఏడాదే ఇద్దరి పేర్లూ కలిపి ‘డెజిలూ’ అనే నిర్మాణ సంస్థ పెట్టారు.

అసలు ఘట్టం ఆ తర్వాతిది. ఆ రోజుల్లో టీవీ కార్యక్రమాలు చాలావరకు న్యూయార్క్‌లో నటిస్తుండగానే ప్రత్యక్షంగా ప్రసారమయ్యేవి. దూరప్రాంతాల వారి కోసం టీవీ తెర మీది బొమ్మనే ఫిలిం కెమెరాతో చిత్రించి పంపేవారు. కినెస్కోప్ అనే ఆ నకలులో ముఖాలు అలుక్కుపోయినట్టు ఉండేవి. ప్రేక్షకుల్లో ఎక్కువమంది తూర్పు ప్రాంతంలో ఉన్నందున ప్రాయోజకులైన సిగరెట్ కంపెనీ వారు న్యూయార్క్ నుంచే చేయమన్నారు. లూసిల్, డెజీ లాస్ ఏంజెలిస్ వదలడానికి ఇష్టపడలేదు. అలాగైతే సినిమాలాగే 35 ఎంఎం ఫిలిం మీద తీసి, దేశమంతటికీ ఒకే నాణ్యతతో పంపుదామన్నారు. ఖర్చు పెరుగుతుందని సంస్థ వెనకాడింది. అప్పుడు వారు తమ పారితోషికంలో వారానికి 1000 డాలర్లు తగ్గించుకుని, దానికి బదులుగా ఆ ఫిలిం మీద యాజమాన్య హక్కు తమకే ఉండాలని అడిగారు. ఒకసారి ప్రసారమైన కార్యక్రమానికి మళ్లీ విలువ ఉంటుందని ఎవరూ పెద్దగా అనుకోని కాలం కనుక సీబీఎస్ ఒప్పుకుంది. 1951 అక్టోబరు 15న ఆ ధారావాహిక ‘ఐ లవ్ లూసీ’ మొదటి భాగం ప్రసారమైంది. 1957 మే వరకు 180 భాగాలు వచ్చాయి. ప్రసారం పూర్తయ్యాక గాలిలో కలిసిపోవలసిన నటన, ఆ ఒక్క షరతు వల్ల డెబ్బై ఏళ్లు దాటినా స్పష్టమైన బొమ్మతో మిగిలింది.

చిత్రీకరణ పద్ధతి గురించి కూడా రెండు మాటలు చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మా ఎడిటర్లకు ఆ పద్ధతి ఇప్పటికీ పాఠమే. ఎదురుగా ప్రేక్షకులు లేకపోతే లూసిల్ నటన వికసించదని డెజీకి తెలుసు. అందుకని స్టూడియోలోనే సుమారు 300 మంది కూర్చునే ఏర్పాటు చేసి, నాటకంలా వరుసగా నటిస్తుండగా మూడు ఫిలిం కెమెరాలతో ఒకేసారి చిత్రించారు. జర్మనీలో గొప్ప మూకీ చిత్రాలకు పనిచేసిన ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్, ఏ కెమెరా నుంచి చూసినా ముఖం మీద నీడ పడకుండా పైనుంచి సమానంగా కాంతి పరిచే విధానం రూపొందించారు. ఒకే నవ్వు మూడు కోణాల్లో దొరకడంతో, నటి ఊపు తెగకుండా కూర్చే వీలు ఎడిటర్‌కు కలిగింది. కెమెరాలు మారినా, ఫిలిం పోయి డిజిటల్ వచ్చినా, ప్రేక్షకుల ముందు తీసే హాస్య ధారావాహికలకు ఆ పద్ధతే ఆధారంగా ఉంది.

1952లో ఆమె గర్భవతి అయినప్పుడు కార్యక్రమం ఆపేయడమో, కడుపు కనబడకుండా దాచడమో చేస్తారని అనుకున్నారు. దంపతులు ఆ గర్భాన్నే కథలోకి తెచ్చారు. సంభాషణల్లో గర్భవతి అనే మాట పలకకూడదని సంస్థ నియమం పెట్టింది. ముగ్గురు మతగురువులు స్క్రిప్టులు చదివి, అభ్యంతరం లేదన్నాకే చిత్రీకరణ జరిగింది. 1953 జనవరి 19న కథలో లూసీకి బిడ్డ పుట్టిన భాగం ప్రసారమైంది. సరిగ్గా అదే రోజు ఆమెకు శస్త్రచికిత్సతో కొడుకు పుట్టాడు. ఆ రాత్రి 4 కోట్లకు పైగా జనం ఆ కార్యక్రమం చూశారు. గర్భం వస్తే నటి పని పోయినట్టేనని భావించే పరిశ్రమలో, నిర్మాణ సంస్థలో తానూ యజమాని కాబట్టే ఆమె మాట చెల్లిందని నా గట్టి నమ్మకం.

1957లో డెజిలూ ఆ 180 భాగాల హక్కులను సీబీఎస్‌కు అమ్మేసింది. తర్వాతి దశాబ్దాల్లో పునఃప్రసారాల మీద వచ్చిన ఆదాయం తలచుకుంటే ఆ అమ్మకం తొందరపాటే అనిపిస్తుంది. కానీ సుమారు 60 లక్షల డాలర్లతో వారు ఆర్‌కెఓ స్టూడియోలను కొన్న సంగతి పక్కన పెట్టి దాన్ని తప్పుపట్టలేం. ఒకప్పుడు జీతానికి చిన్న వేషాలు వేసిన ప్రాంగణానికే ఆమె యజమాని అయ్యారు. విడాకుల తర్వాత, 1962లో డెజీ వాటాను కూడా కొని, హాలీవుడ్‌లో ఒక పెద్ద స్టూడియోను స్వయంగా నడిపిన మొదటి మహిళ అనిపించుకున్నారు. అంతరిక్ష కథల ధారావాహిక ‘స్టార్ ట్రెక్’ మొదటి నమూనా భాగాన్ని ప్రసార సంస్థ తిప్పికొట్టిన తర్వాత రెండో నమూనా తీసి నిలబెట్టింది ఆమె స్టూడియోయే. 1967లో స్టూడియోను 1.7 కోట్ల డాలర్లకు అమ్మిన తర్వాతా నటన మానలేదు. 1985లో ఒక టీవీ చిత్రంలో ఇల్లూవాకిలీ లేని ముసలమ్మగా నటించారు. 1986లో చేసిన చివరి ధారావాహిక ఆదరణ లేక కొద్ది వారాలకే ఆగింది. 1989 ఏప్రిల్ 26న గుండె శస్త్రచికిత్స తర్వాత కన్నుమూశారు.

విదేశీ నటి గురించి ఇంతగా ఎందుకని పాఠకులకు అనిపించవచ్చు. ఇటువంటి స్త్రీ మన దగ్గరా ఉన్నారు. భానుమతీ రామకృష్ణ 1940ల చివర్లోనే భర్తతో కలిసి భరణి సంస్థ పెట్టి, మద్రాసులో సొంత స్టూడియో నడిపి, 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో తానే దర్శకత్వం వహించి తీశారు. లూసీ ఇంట బిడ్డ పుట్టిన ఆ ఏడాదే, ఇక్కడ ఒక తెలుగు నటి స్టూడియో యజమానిగా, నిర్మాతగా, దర్శకురాలిగా, గాయనిగా ఒకే చిత్రానికి పనిచేశారు. అయినా భానుమతిగారి గురించి పత్రికల్లో ఏటా కనిపించేవి ఆవిడ ఠీవి, గడుసుతనం మీది ముచ్చట్లే. స్టూడియో లెక్కలు ఎలా చూశారో, హక్కులు ఎవరి పేర పెట్టారో, నెగటివ్‌లు ఎక్కడ దాచారో రాసినవారు బహు తక్కువ.

చేసిన పనిని భద్రపరచే విషయంలో మన చరిత్ర మరింత బాధాకరం. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు నేడు లేదు. అందులో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి, అంటే మన తొలి టాకీ కథానాయిక, ఎలా కదిలారో, ఎలా పాడారో చూసే అదృష్టం ఈ తరానికి లేదు. సినిమాకు పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచి ఎంతో కొంత అండగా ఉంది. టెలివిజన్ పరిస్థితి అంతకంటే దీనం. రామంతాపూర్‌లోని దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రసారాలు మొదలుపెట్టింది. 1995లో ప్రైవేటు చానళ్లు వచ్చాక హైదరాబాద్ తెలుగు సీరియళ్లకు రాజధాని అయింది. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, అమీర్‌పేట వీధుల్లో ఆ సీరియళ్ల మీద బతికిన నటీమణులు, డబ్బింగ్ కళాకారులు, మేకప్ వారు, కాస్ట్యూమర్లు ఎందరో ఉన్నారు. వారు చేసిన పనిలో ఎంత మిగిలింది?

నేను పనిచేసిన ఒక సంస్థలో, పేరు అనవసరం, ప్రసారమై కొన్ని నెలలు గడిచిన సీరియల్ బీటాక్యామ్ టేపులను (టీవీ సంస్థలు వాడే వీడియో టేపులను) చెరిపి, వాటి మీదే కొత్త భాగాలు ఎక్కించేవాళ్లం. టేపు ఖరీదు ఎక్కువ, అల్మరాల్లో చోటు తక్కువ. పైవారి ఆదేశం అది. బీబీసీ వంటి సంస్థ కూడా 1960, 70లలో ఎన్నో కార్యక్రమాల టేపులను ఇలాగే చెరిపేసింది కనుక దీన్ని ఒక్కరి నేరంగా చూపడం నా ఉద్దేశం కాదు. నాటకరంగం నుంచి వచ్చి, తల్లి పాత్రలూ అత్త పాత్రలూ ఏళ్ల తరబడి పోషించిన ఒక నటి, తాను చేసిన ఒక మరణ సన్నివేశాన్ని మనవరాలికి చూపించాలని కాపీ అడగడానికి వచ్చారు. అప్పటికి ఆ టేపు మీద వంటల కార్యక్రమం ఉంది. ఆ మాట ఆవిడతో చెప్పవలసి వచ్చింది నేనే.

మిగిలిన టేపులకూ ఎక్కువ కాలం లేదు. అయస్కాంత పూత తేమకు జిగురెక్కుతుంది, బూజు పడుతుంది. బీటాక్యామ్ యంత్రాల అమ్మకాన్ని సోనీ 2016లో ఆపేసింది; అదే ఏడాది ఇళ్లలో వాడే వీసీఆర్‌ల చివరి తయారీదారూ ఉత్పత్తి మానేసింది. టేపు చెడకపోయినా నడిపే యంత్రం, బాగుచేసే మెకానిక్ దొరకని రోజు వచ్చేసింది. హక్కుల సంగతి వేరే చెప్పాలా? 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ, ప్రదర్శకుల నటనను వాణిజ్యానికి వాడుకుంటే వారికి రాయల్టీ పొందే హక్కు ఉందని చెబుతోంది. పాత సీరియళ్లు యూట్యూబ్‌లో లక్షల మంది చూస్తున్నా, కాల్షీటు లెక్కన ఒక్కసారి డబ్బు తీసుకుని ఊరుకున్న మాతో పనిచేసిన నటీమణుల్లో ఈ సంగతి తెలిసినవారిని నేను అరుదుగా చూశాను. వారానికి 1000 డాలర్లు వదులుకుని హక్కు అడిగిన లూసిల్ బాల్ కథ వారికి తెలియాలన్నది నా ఆరాటం.

అందుచేత మీకు ఒక విన్నపం. నటీమణుల జీవితాలు రాసేటప్పుడు వారి ఒప్పందాలు, సంస్థలు, వారి పని ఎక్కడ భద్రంగా ఉందో కూడా విచారించి రాయించండి. దూరదర్శన్ కేంద్రాన్నీ, చానళ్లనూ, మాసబ్ ట్యాంక్‌లోని లలితకళల విశ్వవిద్యాలయాన్నీ సంప్రదించి, తెలుగు టెలివిజన్ తొలి పాతికేళ్ల టేపుల్లో ఏవి మిగిలాయో మీ విలేఖరులు ఒక వరుస కథనంగా ప్రచురిస్తే, వాటిని డిజిటల్‌లోకి మార్చే పనికి ప్రభుత్వాన్ని అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది. ఇళ్లలో పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్ల మీద సీరియళ్లు, నాటకాలు రికార్డు చేసి ఉంచుకున్న పాఠకులు కూడా వాటిని పారేయవద్దని, ప్లేయరు పాడైనా సరే ఎండ, తేమ తగలని చోట నిలువుగా పెట్టి ఉంచమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ పనికి ఎవరు ముందుకు వచ్చినా, పాత టేపులను గుర్తించి, ఏ భాగం ఏ సీరియల్‌దో, అందులో నటించినవారెవరో రాసిపెట్టే సహాయం నాలాంటి విశ్రాంత ఎడిటర్లం ఉచితంగా చేస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత టీవీ ఎడిటర్,
యూసుఫ్‌గూడ, హైదరాబాద్.