గులకరాళ్ల బాటతో స్పర్శ తిరిగి రాదు

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో పార్కులోని కొత్త గులకరాళ్ల బాట గురించి రాశారు. అరికాళ్లు మొద్దుబారిన షుగరు పెద్దలు రోజూ దానిమీద ఉత్తకాళ్లతో నడిస్తే నరాలు మేల్కొంటాయని రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి అన్నారట. దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేశారు. ఊళ్లో ఇన్ని ఆస్పత్రులున్నాయి, ఒక్క డాక్టరునైనా అడగలేకపోయారా? స్పర్శ లేని కాలికి రాయి గుచ్చుకున్నా, బొబ్బ చిట్లినా తెలియదు. సాయంత్రం సాక్సు మీద మరక చూసి ఇంట్లోవాళ్లు కనిపెట్టాల్సిందే.

స్పర్శ ఉందో లేదో చూడటానికి యంత్రాలు అక్కర్లేదు. పెద్దాయన్ను కళ్లు మూసుకోమని, రెండు కాళ్ల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు ఊరికే తాకండి. నొక్కితే, రుద్దితే పరీక్ష చెడుతుంది. ఆరింటిలో రెండు చోట్ల తెలియలేదంటే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అక్కడ 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగుతో స్పర్శను, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు అనే కంపించే లోహపు కడ్డీతో అదురు తెలుస్తోందో లేదో చూస్తారు. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వాడేవాళ్లకు బి12 విటమిన్ తగ్గి కూడా తిమ్మిర్లు వస్తాయి, ఆ రక్తపరీక్ష అడిగి చేయించుకోవాలి.

పాదం కబురు చెప్పకపోతే ఒళ్లు కళ్లనే నమ్ముకుంటుంది. అందుకే పగలు బాగానే తిరిగే మనిషి రాత్రి బాత్రూముకు లేచి తూలిపడతాడు. మంచం నుంచి బాత్రూము దాకా చిన్న బల్బు వెలగాలి. నడక బాగుపడాలంటే నిలకడ సాధన కావాలి. వంటగట్టు పట్టుకుని, వెనక కుర్చీ వేసుకుని, పాదాలు దగ్గర పెట్టి 30 సెకన్లు నిలబడాలి. అది కుదిరాక ఒక పాదం సగం ముందుకు, ఆ తర్వాత ముందు పాదం మడమ వెనక పాదం వేళ్లకు తగిలేలా. ఈ చివరి భంగిమలో ఏదీ పట్టుకోకుండా 10 సెకన్లు నిలవలేనివాళ్లు పడే ప్రమాదం ఎక్కువ. వీటితోపాటు పది సార్లు మడమలెత్తడం, పది సార్లు కుర్చీలోంచి లేవడం. వారాల తరబడి చేస్తేనే ఫలితం. ఒంటరిగా కళ్లు మూసుకుని చేయొద్దు.

ఇక చెప్పులు. హవాయి చెప్పు జారిపోయినా వీళ్లకు తెలియదు. మడమ వెనక పట్టీ, వేళ్ల దగ్గర వెడల్పు ఉండాలి. సాయంత్రం పాదం కాస్త ఉబ్బాక కొనాలి. మెత్తగా దూదిలా ఉందని మురిసి కొనే మందపాటి సోలు నిలకడను ఇంకా చెడగొడుతుంది. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి చూడాలి. చేతికర్ర పిడి, చెయ్యి వదిలేస్తే మణికట్టు గీత దగ్గరికి రావాలి. కింది రబ్బరు అరిగితే మార్చాలి.

ఇంతా చేసి గడప దాటితే ఏముంది? ఫుట్‌పాత్ మీద నున్నటి టైల్సు, ఊగే కాలువ బండలు, బండ్లు, కొబ్బరిబోండాలు. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కన ఫుట్‌పాత్ మీద నడిచే జాగా కనీసం 1.8 మీటర్లు, గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. మన గట్లెక్కడానికి అలిపిరి మెట్ల అలవాటు ఉండాలి! తిరుమల కొండమీద ఎండాకాలం మాడవీధుల్లో భక్తుల కాళ్లు కాలకుండా చలువ పెయింటు వేస్తారు, నీళ్లు చల్లుతారు. కొండకింద పాదాలు పాదాలు కావా?

గులకరాళ్ల బాటను తవ్వమని అనడం లేదు. షుగరున్నవాళ్లు, అరికాళ్లు మొద్దుబారినవాళ్లు దీనిమీద నడవరాదని ఒక బోర్డు పెట్టండి. ఆ బాట పక్కనే నడుమెత్తున ఇనుప కడ్డీ పాతితే నిలకడ సాధనకు పనికొస్తుంది. మీరు ఆ వార్తకు సవరణ వేయండి, అదీ జిల్లా పేజీలోనే, అంతే సైజులో.

– ఒక ఫిజియోథెరపిస్టు, తిరుపతి